ఎవరి చేతి మసి

"వాడు కాలు బ్రేకు మీదే పెట్టలేదు. పెట్టింటే బండి నిలబడదా?"

పొద్దున ఆసుపత్రి మెట్ల దగ్గర మొదలుపెట్టిన మాటే ఇది. మధ్యాహ్నమైనా గుణశేఖర్ దాన్ని వదల్లేదు. బామ్మర్ది జయరామ్ ఇంట్లో హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ, కిటికీ దగ్గరికి వచ్చినప్పుడల్లా గేటు వైపు చూసి మళ్లీ అదే అంటున్నాడు.

దివాను మీద ఆయన భార్య చంద్రకాంతమ్మ కుడిచేతికి పిండికట్టుతో ఒరిగి కూర్చుని ఉంది. మొన్న కాణిపాకం గుడి నుంచి వస్తుంటే వాళ్ల కారు రోడ్డు పక్క టెంకాయల అంగట్లోకి దూసుకుపోయింది. ఆమెకు చెయ్యి విరిగింది. అంగడి కుప్పయ్యకు కాలు విరిగింది. తిరుపతి ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని, ఎండ తగ్గేదాకా తమ్ముడింట్లో ఉండి చిత్తూరు పోదామని వచ్చారు.

గేటు అవతల ఆ కారు నడిపిన డ్రైవరు మునిశేఖర్ నిలబడి ఉన్నాడు. బస్సెక్కి వాళ్ల వెనకే వచ్చాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. పొమ్మని కూడా అనలేదు.

"తొక్కినాను సార్," అన్నాడు అక్కడి నుంచే. "పెడలు మెత్తంగా లోపలికి పోయింది. హ్యాండు బ్రేకు గుంజి ఎడం పక్కకి తిప్పినాను. తిప్పకపోయింటే జనంలోకి పోయుండును."

"తిప్పి ఆ కుప్పయ్య మీదికి తోలినావు."

"యాడికి తిప్పేది సార్. అంతకన్నా తావు లేదు."

"పెడలు లోపలికి పోతాదంట. విన్న్యావా జయరామా?" గుణశేఖర్ గేటు వైపు తిరిగాడు. "ఒరేయ్, పోయిన ఆదివారమే మా బామ్మర్ది సొంత చేతులతో బ్రేకు ఆయిల్ పోసిన బండి అది. మెకానిక్కు షెడ్డోడు చేసుంటే నేనూ అనుమానపడుదును. ఈయప్ప చెయ్యి పడిన బండికి వంక పెట్టేదానికి లేదు."

అందరూ జయరామ్ వైపు చూశారు. అతను ప్లాస్టిక్ కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. యూనివర్సిటీ లైబ్రరీలో పెద్ద గుమాస్తా. ఇంట్లో కూడా పేపరు మడత నలగకుండా చదివే మనిషి.

"చెప్పబ్బా. నువ్వు సూసినప్పుడు బ్రేకులు బాగుండెనా లేదా?"

"బాగానే ఉండె బావా."

తన గొంతు తనకే వినిపించింది.

"అంతే. ఆ మాటే స్టేషన్లో చెప్పాల. పోయేటప్పుడు కాణిపాకంలో దిగి కంప్లైంటు ఇచ్చిపోదాం. నువ్వు గూడా రా. లైసెన్సు పోతే గాని బుద్ధి రాదు వీడికి."

మునిశేఖర్ గేటు ఊచలు పట్టుకుని జయరామ్ ముఖం వైపే చూశాడు. జయరామ్ మడిచిన పేపరు మళ్లీ విప్పాడు.

వంటింట్లో అంతసేపూ వినిపిస్తున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఏమండీ," అని హేమశ్రీ పిలిచింది. "రవంత ఇట్లా రండి."

* * *

అతను వెళ్లేసరికి హేమశ్రీ పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. చారు పొంగుకు వస్తోంది.

"అన్న బండికి బ్రేకు ఆయిల్ మీరు పోసినారా?"

"రవంత తగ్గిందని బావ ఫోను చేసినాడు. చిత్తూరు పోతా పోతా మన షెల్ఫులోంచి సీసా తీసుకొనిపోయి పోసినాను. అంతే."

"నాతో చెప్పలేదే."

"నువ్వు మార్కెట్టుకు పోయింటివి."

"ఫోను చేయకూడదా?"

ఆమె గరిటె పక్కన పెట్టింది.

"ఏ సీసా తీసుకున్యారు?"

"బ్రేకు ఆయిల్ సీసానే."

"లోపల ఆయిల్ ఏ రంగుండె?"

జయరామ్ గడప వైపు చూశాడు. హాల్లో బావ గొంతు ఇంకా నడుస్తూనే ఉంది.

"ఎర్రగా ఉండె," అన్నాడు.

హేమశ్రీ పొయ్యి ఆర్పేసింది. మాట్లాడకుండా వెనక తలుపు తీసుకుని మెట్ల కింద ఉన్న షెల్ఫు దగ్గరికి వెళ్లింది. తిరిగి వచ్చి ఒక సీసా గట్టు మీద పెట్టి మూత తిప్పింది. మూత కింద అంటించిన రేకు చిరగకుండా అట్లే ఉంది.

"ఇదీ బ్రేకు ఆయిల్. ఇంకా సీలే తీయలేదు. మీరు తీసుకొనిపోయింది దీని పక్కనే ఇదే మాదిరి సీసాలో ఉండే, స్టీరింగుకు పోసేది. అది బ్రేకులో పడితే లోపల రబ్బర్లు ఉబ్బిపోతాయి. మొదట్లో అంతా బాగున్నట్లే ఉంటాది. ఆనక పెడలు నేలకి పోతాది."

కొంచెం ఆగింది.

"ఆ పిల్లోడు చెప్తా ఉన్నట్లే."

జయరామ్ బియ్యం డబ్బా మీద కూర్చున్నాడు.

హేమశ్రీ పుట్టిల్లు తడ. తండ్రి వెంకటముని సొంత లారీ నడిపేవాడు. ఆయన లారీ కింద పడుకుంటే స్పానర్లు అందిస్తూ పెరిగింది. పెళ్లయ్యాక చాలా ఏళ్లకు జయరామ్ పాత కారు ఒకటి కొన్నాడు. కొన్న కొత్తలోనే అది ఒకసారి మొరాయిస్తే షెడ్డుకు పంపబోయాడు. ఆమె ఆపి, బానెట్ ఎత్తి, బ్యాటరీ కొసల మీద పేరుకున్న తెల్లటి తుప్పును వేణ్ణీళ్లతో కడిగి, తీగలు బిగించి, స్టార్ట్ చేయమంది. అయింది.

"ఇంటి బండికి షెడ్డెందుకండీ. దోసెల పెనం చూసుకున్నట్లు చూసుకుంటే చాలు," అంది ఆ రోజు. ఆయిల్ మార్చడం, గాలి ఫిల్టరు దులపడం, కూలెంటు చూడడం, చక్రాలు అటివి ఇటు మార్చడం, ఒక్కొక్కటే ఆమె చేతికి వచ్చాయి.

ఆడమనిషి కారు కింద పండుకుంటే వీధిలో నవ్వుతారని మొదట అన్నది అత్తగారు సుబ్బులమ్మ. అప్పటి నుంచి హేమశ్రీ గేటుకు పాత దుప్పటి కట్టి లోపల పని చేసుకునేది. పనంతా అయ్యాక దుప్పటి విప్పి, మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గర నిలబడేది జయరామ్.

"అంతా మీరేనా సార్?" అని ఒకసారి ఎదురింటి చెంగల్రాయుడు అడిగాడు. జయరామ్ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఊరంతా తిరిగింది. ఆఫీసులో, పెళ్లిళ్లలో, చుట్టాల ఇళ్లలో అతని చుట్టూ కూర్చుని బండ్ల సంగతులు అడగడం మొదలుపెట్టారు. అతను హేమశ్రీ మాటలే చెప్పేవాడు. ఇంటి బండికి షెడ్డెందుకప్పా అనేవాడు. ఆమె పక్కనుండి వినేది. మగని గౌరవం తన గౌరవం కాదా అనుకునేది.

"నన్ను అడిగుంటే ఏమయ్యేది?" అంది ఇప్పుడు.

"ఏమనుకుంటావో అని."

"నేనేమనుకుంటాను? మీకు తెలీదని నాకు తెలీదా?"

ఆ మాట అతనికి చెంప మీద తగిలినట్టుంది. ఆమె ఎగతాళిగా అనలేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

"ఊరోళ్లందరి దగ్గరా అన్నీ తెలిసినోడి మాదిరి ఉండి, కడాకు నా దగ్గర గూడా అట్లే ఉండాలనుకున్యారా?"

"మెల్లంగా మాట్లాడు."

"మెల్లంగానే మాట్లాడతా ఉండాను. పోయి చెప్పండి."

"ఏమని చెప్పేది?"

"తప్పు ఆయిల్ పోసినానని. పిల్లోడి తప్పు లేదని."

"ఎవురూ ఏమీ చెప్పొద్దు."

సుబ్బులమ్మ గడప మీద నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. ఆమె లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"గమ్మునుండు అమ్మీ. జరిగిందేదో జరిగిపాయ. నా కూతురు చెయ్యి అతుక్కుంటాది. ఆ కుప్పయ్యకి అల్లుడు వైద్యం చేయిస్తా ఉండాడు. మధ్యలో నా కొడుకును బజార్లో నిలబెట్టొద్దు."

"డ్రైవరును నిలబెడితే పర్వాలేదా అత్తా?"

"వానికి ఇంకో బండి దొరుకుతాది. నా కొడుక్కి అల్లుడి ముందర మొకం మళ్లా యాడ దొరుకుతాది?"

"లైసెన్సు పోతే ఏ బండీ దొరకదు."

సుబ్బులమ్మ కొడుకు వైపు చూసింది. జయరామ్ తల ఎత్తలేదు. తల్లి తన తరఫున మాట్లాడినందుకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయిని గుర్తుపట్టి ఇంకా కుంచించుకుపోయాడు.

హేమశ్రీ గ్లాసు నిండా మజ్జిగ పోసి అతని చేతికి ఇచ్చింది.

"పొద్దుటి నుంచి ఎండలో ఉండాడు. మీరే ఇచ్చిరండి."

* * *

మునిశేఖర్ గ్లాసు రెండు చేతులతో అందుకున్నాడు. ఒక్క గుక్కలో తాగి, నోరు తుడుచుకున్నాడు.

"సార్, మీరు ఆయిల్ పోసేటప్పుడు నేను పక్కనే ఉన్న్యాను కదా. బానెట్ నేనే ఎత్తిస్తిని."

"ఊఁ."

"ఎర్రగా ఉండెనే అనుకుంటి. మామూలుగా తేనె రంగులో ఉంటాది. అడుగుదామనుకొని గమ్మునైపోతి. సార్‌కు తెలీకుండా ఉంటాదా అని." కొంచెం సిగ్గుపడుతూ నవ్వాడు. "అది కొత్త రకమా సార్?"

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఈ మాట అతను బావకు చెప్పి ఉంటే తన తప్పు లేదని అప్పుడే తేలిపోయేది. చెప్పాలని అతనికి తోచనే లేదు.

జయరామ్ ఖాళీ గ్లాసు తీసుకున్నాడు.

"మా బండి ఓనరు నా మాట నమ్మడు సార్. మీరు చెప్తే నమ్ముతాడు. పెడలు అట్లా పోయేదానికి వీలుండాదని ఒక్క మాట చెప్పండి. నా తప్పు లేదని చెప్పమనడం లేదు. వీలుండాదని చెప్తే చాలు."

"ఎండలో నిలబడొద్దు," అన్నాడు జయరామ్. "వచ్చి వరండాలో కూర్చో."

చెప్పాలనుకున్నది అది కాదు. నోట్లోంచి వచ్చింది మాత్రం అదే. వరండా దాకా వెనకే వస్తున్న మునిశేఖర్ చెప్పుల చప్పుడు వింటూ, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లాడు.

* * *

భోజనాలు మాటల్లేకుండా జరిగాయి. చంద్రకాంతమ్మకు హేమశ్రీ అన్నం కలిపి పెట్టింది.

"నీ చేతి చారు బాగుండాది హేమా," అంది చంద్రకాంతమ్మ. ఆ మాటకు హేమశ్రీ కళ్లు దించుకుంది. "ఏమ్మా, పొద్దుటి నుంచి ఒకమాదిరి ఉండావే?"

"ఏం లేదు వదినా."

ఎండ వాలింది. గుణశేఖర్ చెప్పులేసుకోవడానికి లేచాడు.

"పదబ్బా. స్టేషనులో ఆలస్యమైతాది."

జయరామ్ లేచి నిలబడ్డాడు. వంటింటి గడప దగ్గర హేమశ్రీ ఉంది. వరండాలో స్తంభానికి ఆనుకుని మునిశేఖర్ కూర్చుని ఉన్నాడు. ఎటు చూసినా ఎవరో ఒకరి కళ్లు తగులుతున్నాయి.

"బావా, స్టేషనుకు పోవద్దు."

"ఎందుకు?"

"పిల్లోడి తప్పు లేదు. నేను... ఆయిల్ మారిపోయింది. బ్రేకుది అనుకొని స్టీరింగుది పోసినాను. దానివల్లనే పెడలు పోయుంటాది."

చంద్రకాంతమ్మ తన చేతి కట్టు వైపు చూసుకుంది, తర్వాత తమ్ముడి వైపు. గుణశేఖర్ వేసుకున్న చెప్పు విప్పి మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

జయరామ్ తిట్లకు సిద్ధపడి నిలబడ్డాడు. అవి వస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

"పోనీలే," అన్నాడు గుణశేఖర్ చివరికి. "చెయ్యి తిరిగినోడికి గూడా ఒక్కోసారి తప్పుతాది. ఇన్నేండ్లు బండి చూసినోడివి. నీకే పొరపాటొచ్చిందంటే, ఇంగ మామూలోళ్ల సంగతేంది."

జయరామ్ గుండె మీది బరువు దిగినట్టయింది. చెప్పేశాడు. నిజం చెప్పేశాడు. అయినా తన పేరు తనకే మిగిలింది. ఇంత సులభంగా అయిపోతుందని అనుకోలేదు.

"అయినా నువ్వు ఎట్లా పొరపాటు పడితివబ్బా? సీసాలు మారిపోయినాయా?"

"ఆ సీసాలు సర్దేది కోడలే," అంది సుబ్బులమ్మ వెంటనే. "నిన్న ఈడ, నేడు ఆడ. యాడుండేది యాడ పెడతాదో."

"అదీ సంగతి." గుణశేఖర్ హేమశ్రీ వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, పెద్దరికం ఉంది. "చూడు హేమమ్మా, అవి వంటింటి డబ్బాలు కాదు. ఆయప్ప ఒక వరసలో పెట్టుకున్నదాన్ని ముట్టకూడదు. చూసినావా, ఎంత పనయిందో."

హేమశ్రీ భర్త వైపు చూసింది. అడగడానికి కాదు, వినడానికి చూసినట్టు చూసింది.

జయరామ్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఒక్క మాట చాలు. ఆ షెల్ఫు ఆమెది, అందులోని ప్రతి సీసా ఆమె కొన్నది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకో మాట ఉంది. మొదటిది చెబితే రెండోది ఆగదు. గొంతు సర్దుకుని, సర్దుకుని, ఊరుకున్నాడు.

హేమశ్రీ తల తిప్పుకుంది.

"అయితే మనం ఇప్పుడు పోవాల్సింది మీ బండిలో కదా," అని గుణశేఖర్ లేచాడు. "దాంట్లో గూడా ఆ ఎర్రదే పోసినావేమో."

"లేదు బావా. దాంట్లో సరైందే ఉండాది."

"నా బండికి గూడా సరైందే అనుకొనే కదప్పా పోసింది. చెయ్యి ఇరిగిన మనిషిని ఎక్కించుకొని పోవాల. నాకు కంటితో చూపించు, ఆనకే ఎక్కేది."

"నేను చూపిస్తాను అన్నా," అంది హేమశ్రీ.

"నీకెందుకమ్మా ఆ మసి పని. జయరామ్ ఉండాడు కదా."

గోడకున్న మేకు నుంచి కారు తాళంచెవి తీసింది సుబ్బులమ్మ. కొడుకు చేతిలో పెట్టినా వెంటనే వదల్లేదు. ఏం జరగబోతోందో ఆ ఇంట్లో ఆమెకూ, కోడలికీ, కొడుక్కీ తెలుసు.

కారు గేటు లోపలే ఉంది. జయరామ్ తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. హేమశ్రీ స్టీరింగు కింద ఎడమ పక్కన ఏదో లాగడం చాలాసార్లు చూశాడు. చెయ్యి పెట్టి వెతికితే తగిలింది. లాగాడు. బానెట్ టప్‌మని వేలెడు పైకి లేచింది. ఊపిరి పీల్చుకుని దిగాడు.

ముందుకు వచ్చి రెండు చేతులతో బానెట్ పట్టుకుని ఎత్తాడు. అది రాలేదు.

గట్టిగా లాగాడు. రేకు కదిలింది గాని లేవలేదు. సందులో వేళ్లు పెట్టి ఇటు నుంచి అటు తడిమాడు. లోపల ఏదో కొక్కెం ఉంటుందని తెలుసు. అది ఎక్కడుందో, పైకి ఎత్తాలో, పక్కకు తోయాలో తెలియదు. ఇనుప అంచు గీసుకుని వేలి నుంచి రక్తం వచ్చింది. వేలు నోట్లో పెట్టుకుని తీసి, మళ్లీ తడిమాడు.

"బిగుసుకున్నట్లుండాది," అన్నాడు.

వరండా దిగి వచ్చిన మునిశేఖర్ చెయ్యి అలవాటుగా ముందుకు వచ్చింది. అంతలోనే ఏదో అర్థమై, ఆ చేతిని వెనక్కి తీసుకుని తల దించుకున్నాడు. ఆ మర్యాద జయరామ్ చూశాడు. బావ తిట్టి ఉంటే ఇంత బాధ కలిగేది కాదు.

గుణశేఖర్ నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. అతని ముఖంలో మొదట చిరాకు, తర్వాత అయోమయం, ఆ తర్వాత ఇంకేదో నెమ్మదిగా కనిపించాయి.

వరండాలో కట్టు చేతిని ఇంకో చేత్తో పట్టుకుని చంద్రకాంతమ్మ నిలబడి ఉంది. చిన్నప్పుడు ఈ తమ్ముడికి చొక్కా గుండీలు పెట్టిన అక్క.

"ఒరే జయరామా," అంది మెల్లగా. "ఈ బండిని చూసుకునేది ఎవురు రా?"

ఎదురింటి మిద్దె మీద బట్టలు తీస్తున్న ఎవరో ఆగి ఇటే చూస్తున్నారు. గేటుకు ఈరోజు దుప్పటి కట్టి లేదు.

జయరామ్ సందులోంచి చేతులు తీసుకున్నాడు. భార్య వైపు తిరిగాడు.

"హేమా," అన్నాడు. "నువ్వు తియ్."

హేమశ్రీ మెట్టు మీది నుంచి కదల్లేదు.

"నేనెందుకు తియ్యాల్నో, ముందు మీ అక్కకు చెప్పండి," అంది.